వరి ఆకు కణాలలో అమ్మోనియం – వెలుతురు పాత్ర

పాలంపేట రామప్ప చెరువు ఆయకట్టులో నీరు నిలిచిన వరిమడికి వేసిన యూరియా నత్రజని ప్రధానంగా అమ్మోనియం రూపంలోనే పైరుకు అందుతుంది. అది చాలావరకు వేళ్లలోనే గ్లుటమిన్‌గా మారి ఆకులకు చేరుతుంది. అయితే అంతకు అనేక రెట్ల అమ్మోనియం ఆకు కణంలోనే పుడుతుంది. ఎండవేళ కాంతి శ్వాసక్రియలో గ్లైసిన్ విచ్ఛిన్నమై మైటోకాండ్రియాల నుండి వెలువడేది ఇదే. హరితరేణువులలోని గ్లుటమిన్ సింథటేజ్ దీనిని వెనువెంటనే బంధిస్తుంది. తప్పించుకున్న స్వల్పభాగం పత్రరంధ్రాల గుండా అమ్మోనియాగా పోతుంది.

ఈ సామర్థ్యమంతా వెలుతురు చలవే. ఏటీపీ, క్షయీకృత ఫెర్రెడాక్సిన్, కర్బన సమ్మేళనాలు కొరవడిన ముసురు రోజులలో పైపాటుగా వేసిన యూరియా నత్రజని మాంసకృత్తులుగా మారక, కొంత అమైడ్ల రూపంలో ఆకులోనే నిలిచిపోతుంది. రైతుకు ముచ్చట గొలిపే ఆ ముదురు పచ్చదనమే అగ్గితెగులుకు అనువైన స్థితి. నత్రజనిని దఫాలుగా వేయమనే సిఫారసు అందరికీ తెలిసినదే. మబ్బు విడిచేవరకు ఆ దఫాను ఆపవలెనని విస్తరణ సిబ్బంది అంతే పట్టుదలతో చెప్పవలసి ఉన్నది.