ఉప్పునీటి యీఁతకొలనును క్లోరిను కొలనుగా మార్చుట

ఉప్పునీటి యీఁతకొలనులో క్లోరిను ఉండదనియు, అందుచేతనే ఆ నీరు కన్నులకు హాయిగా నుండుననియు ననేకులు తలంచుచున్నారు. ఇది సరికాదు. రెండు విధములైన కొలఁకులందును క్రిములను జంపునది క్లోరినే. ఒకదానిలో యంత్రము దానిని తయారుచేయును. రెండవదానిలో మనుష్యుఁడు తెచ్చి కలుపును.

సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండఁగా, ఇట్టి కొలనులో 3 గ్రాములకు కొంచె మెక్కువగా మాత్రమే ఉప్పు వేయుదురు. నీరు పోవు గొట్టమునకు టైటేనియము రేకులు గల పెట్టెను అమర్చి, దానిలోనికి విద్యుత్తును పంపుదురు. అప్పుడు ధనధ్రువమువద్ద క్లోరినును, ఋణధ్రువమువద్ద ఉదజనియు సోడియము హైడ్రాక్సైడును పుట్టును. క్లోరిను నీటితోఁ గలసి హైపోక్లోరసు ఆమ్లమగును. క్రిములకు శత్రు విదియే. తన పని ముగిసినపిదప ఇది మరల క్లోరైడుగా మాఱును. కనుక ఉప్పు ఖర్చు కాదు. చిందిపోయిన నీటితోను, వడపోఁత యంత్రమును కడిగిన నీటితోను మాత్రమే పోవును. (క్లోరినును 1774లో షీలే కనుఁగొనఁగా, అది మూలపదార్థమని 1810లో హంఫ్రీ డేవీ నిర్ణయించెను.)

రేకులమీఁది పూఁత కొన్ని యేండ్లకు అరగిపోవును. క్రొత్త పెట్టె వెల యెక్కువ. ఉప్పు లోహపు నిచ్చెనలను, మెత్తని గట్టురాళ్లను తినివేయుటయుఁ గలదు. ఆ సమయమున కొందఱు సాధారణ క్లోరిను పద్ధతికి మరలుదురు. ఇందులకై కొలనులోని నీటిని తోడివేయ నక్కఱలేదు. నీటిలో మిగిలిన ఉప్పు క్లోరిను పనికి అడ్డుకాదు. విద్యుత్తు నాపి, పెట్టెను తీసి, ఆ చోట గొట్టపు ముక్కను బిగించిన చాలును. పంపును, వడపోఁతయు ఎప్పటివలెనే నడువవలెను.

ఇఁక లెక్క చూతము. కొలనులో 50,000 లీటర్ల నీరు కలదనుకొనుఁడు. ఎండచేతను, ఈఁదువారి చెమటచేతను దినమునకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిను వ్యయమగునేని, మొత్తము 100 గ్రాములు కావలెను. నూటికి 10 వంతుల సోడియము హైపోక్లోరైటు ద్రావణము లీటరులో సుమారు ఇంతయే యుండును. అనఁగా దినమునకొక లీటరు. యంత్రము ఈ 100 గ్రాములను గంటలకొలఁది కొంచెము కొంచెముగా నిచ్చుచుండెను, అడుగవలసిన పనిలేకుండెను. ఇప్పుడు పనివాఁడు ఒక్కదినము మఱచెనా, మఱునాఁటి మధ్యాహ్నమునకు పిల్లలు దిగు నీటికి రక్షణయే లేదు. కావలిలేని క్లోరినులో సగము నడియెండలో గంట లోపలనే నశించును. కావున మందును సాయంకాలమున పోయుదురు. ఎండకు కాపుగా లీటరుకు 30 మొదలు 50 మిల్లీగ్రాముల వఱకు సయనూరిక్కు ఆమ్లమును నీటిలో నుంతురు.

ఇచ్చటనే పలువురు పొరపడుదురు. దినదినము ద్రావణము పోయుట శ్రమయని ట్రైక్లోరు బిళ్లలను తేలించి వదలుదురు. ఆ బిళ్లలోనే సయనూరిక్కు ఆమ్లము కూడ కలదు. 10 మిల్లీగ్రాముల క్లోరిను నిచ్చునప్పుడు బిళ్ల 6 మిల్లీగ్రాముల ఈ యామ్లమును కూడ విడుచును. మన లెక్క ప్రకారము దినమునకు లీటరుకు 1.2 మిల్లీగ్రాములు, 100 దినములకు 120. క్లోరిను ఖర్చగును గాని యిది అంత సులభముగాఁ బోదు. మితిమీఱినచో క్లోరినును పట్టి యుంచును. పరీక్షలో క్లోరిను కనఁబడుచునే యుండును, క్రిములు మాత్రము త్వరగా చావవు. ఉప్పునీటి కొలఁకులలో ముందే 70, 80 మిల్లీగ్రాములుండుట సామాన్యము. అట్టి నీటిలో బిళ్లలు వేయుట నాకు సమ్మతము కాదు. ఎక్కువైన దానిని తగ్గించుటకు నీటిని కొంత పారఁబోసి క్రొత్తనీరు నింపుటయే సాధారణ మార్గము. మన యూళ్లలో నూతులలోఁ జల్లు బ్లీచింగు పౌడరు జాతి మందులలో ఈ దోషము లేదు గాని, అవి నీటిలో సున్నపుపాలు పెంచును.

మఱియొక యలవాటును మార్చుకొనవలెను. పెట్టెనుండి లేచు బుడగలు నీటిలోని కార్బను డయాక్సైడును వెడలఁగొట్టుటచే నీటి పి.హెచ్. పెరుగుచుండును, దానిని దించుటకు వారమువారము ఆమ్లము పోయుదురు. పెట్టె పోయినపిమ్మట పెరుగుదల తగ్గును. బిళ్లలు వాడినచో పి.హెచ్. పడిపోవును గూడ. పరీక్షింపక వెనుకటి కొలఁతనే పోయరాదు. 7.2 మొదలు 7.8 వఱకు ఉండుట మేలు.

యంత్రమున్నప్పుడు లేని భయ మొకటి యిప్పుడు కొట్టుగదిలోనికి వచ్చును. ఆమ్లమును హైపోక్లోరైటును కలసినచో క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిలు 22న బెల్జియమునందలి ఈప్రు వద్ద సైనికులపై వదలఁబడిన వాయు విదియే. కావున రెంటిని వేర్వేఱు చోట్ల నుంచవలెను. ఒకే కొలపాత్రను రెంటికిని వాడరాదు. ట్రైక్లోరు బిళ్లలను కాల్షియము హైపోక్లోరైటుతోఁ జేర్చినచో నిప్పంటుకొని ప్రేలుటయుఁ గలదు. మందును నీటిలో వేయవలెను గాని మందుపై నీరు పోయరాదు. ఆ గదికి పిల్లలను పంపరాదు.

మఱునాఁటి యుదయమున క్లోరినును, పి.హెచ్.ను పరీక్షించి, సయనూరిక్కు ఆమ్లము గల నీటిలో లీటరుకు కనీసము 2 మిల్లీగ్రాముల క్లోరిను కనఁబడినపిదప పిల్లలను దిగనీయవచ్చును. ఉప్పురుచి వెంటనే పోదు. వానలకు కొలను పొర్లి, క్రొత్తనీరు చేరిన కొలఁది, కొన్ని నెలలకు తగ్గును.