క్రిస్మస్‌కు నాన్న ఓడలో ఉంటే: పిల్లలకు డబ్బు గురించి ఏమి నేర్పుదాం?

చదవవలసిన వాక్యభాగాలు: ద్వితీయోపదేశకాండము 6:4-9, లూకా 14:28-30, లూకా 2:21-24, 2 రాజులు 4:1-7



నార్ఫోక్, శాన్ డియేగో, జాక్సన్‌విల్, బ్రెమర్టన్ లాంటి ఊళ్లలో ఉంటూ అమెరికా నౌకాదళంలో సేవచేస్తున్న తెలుగు విశ్వాసులను, వారి కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం రాస్తున్నాను. నౌకాదళంతో సంబంధం లేనివారు కూడా దయచేసి చదవండి. పండుగ ఖర్చు, అప్పు, పిల్లల పెంపకం అందరి ఇళ్లలో ఉన్నవే. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కుటుంబాల మధ్య పెరిగినవారికైతే ఈ ఎదురుచూపులు కొత్త కావు.

మావారు మొదటిసారి డిప్లాయ్‌మెంట్‌కు వెళ్లిన సంవత్సరం మా బాబుకు ఏడేళ్లు. "డాడీ ఎందుకు వెళ్లాడు?" అని అడిగినప్పుడల్లా నేను ఒకే జవాబు చెప్పాను: "నీకోసమే నాన్నా. నీకు బొమ్మలు కొనాలన్నా, స్కూలుకు పంపాలన్నా డబ్బులు కావాలి కదా." ఆ క్రిస్మస్‌కు తండ్రి లేని లోటు తెలియకూడదని సైకిలు, వీడియో గేమ్, ఇంకా చాలా కొన్నాను. సగానికి పైగా క్రెడిట్ కార్డు మీదే.

పండుగ అయిన రెండో రోజు బాబు తన డిబ్బీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అందులో 23 డాలర్లు ఉన్నాయి. "మమ్మీ, ఇవి నేవీవాళ్లకు ఇస్తే డాడీ వచ్చేస్తాడా? నాకు సైకిలు వద్దు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేను చెప్పిన జవాబులోంచి వాడు నేర్చుకున్నది ఇదన్నమాట: తండ్రి దూరంగా ఉండడానికి కారణం డబ్బు, ఆ డబ్బు అవసరం రావడానికి కారణం తన కోరికలు. డబ్బు గురించి నేను ఏమీ నేర్పలేదనుకున్నాను గాని, రోజూ నేర్పుతూనే ఉన్నాను, తప్పుగా.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో దేవుని మాటలను పిల్లలకు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు నేర్పాలని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు. డబ్బు విషయం కూడా అలాగే. దానికి వేరే క్లాసు ఉండదు. బండిలో వెళ్తూ మనం అన్న మాట, దుకాణంలో మనం చేసిన పని, బిల్లు వచ్చినప్పుడు మన ముఖం, ఇవే పాఠాలు.

1. పండుగకు ముందు లెక్క

లూకా 14లో యేసు ప్రభువు గోపురం కట్టాలనుకున్న మనిషి గురించి చెప్పాడు. ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోకపోతే పునాది దగ్గరే పని ఆగిపోతుంది, చూసినవాళ్లు నవ్వుతారు. ప్రభువు అక్కడ శిష్యరికం గురించి మాట్లాడుతున్నాడు. అయినా లెక్క చూసుకోవడం బుద్ధిమంతుల పని అన్నది ఆ ఉపమానంలోనే ఉంది.

నౌకాదళ జీతం నెలకు రెండుసార్లు, 1వ తేదీన, 15వ తేదీన వస్తుంది. ఆ రోజు సెలవైతే ముందటి పనిదినానే వేస్తారు. జనవరి 1 సెలవు కాబట్టి, ఆ జీతం డిసెంబరు చివరిలోనే చేతికి వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. డిసెంబరులో మూడు జీతాలు వచ్చినట్లు కనిపిస్తుంది. కాని ఆ మూడోది జనవరి ఇంటి అద్దె. దాన్ని పండుగకు వాడేస్తే జనవరి 15 వరకు చేతిలో ఏమీ ఉండదు.

ఇంకొకటి. ఓడ సముద్రంలో ఉన్నప్పుడు సీ పే, 30 రోజులు దాటి కుటుంబానికి దూరంగా ఉంటే ఫ్యామిలీ సెపరేషన్ అలవెన్సు జీతానికి కలుస్తాయి. నిర్ణీత యుద్ధ ప్రాంతంలో పనిచేసేవారు సేవింగ్స్ డిపాజిట్ ప్రోగ్రామ్‌లో 10,000 డాలర్ల వరకు దాచుకుంటే సంవత్సరానికి 10 శాతం వడ్డీ వస్తుంది. కాని డిప్లాయ్‌మెంట్ వల్ల పెరిగిన జీతం ఓడ తిరిగి వచ్చాక తగ్గిపోతుంది. అది వచ్చినన్నాళ్లూ దానికి తగ్గట్టు ఖర్చు పెంచుకుంటే, ఆయన ఇంటికి వచ్చిన సంతోషంతోపాటు ఇబ్బంది కూడా వస్తుంది. ఐగుప్తులో యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లలో పంటలో అయిదో వంతు తీసి దాచాడు (ఆదికాండము 41:34-36). కరవు వచ్చాక దాచడం మొదలుపెట్టలేదు. మనం కూడా ఆ అదనపు సొమ్మును ముందే వేరే ఖాతాలోకి పంపేయవచ్చు.

2018 డిసెంబరులో మొదలై 35 రోజులు సాగిన ప్రభుత్వ షట్‌డౌన్ వల్ల కోస్ట్ గార్డ్ కుటుంబాలకు 2019 జనవరి మధ్యలో రావలసిన జీతం ఆ రోజుకు అందలేదు. పండుగ ఖర్చులు అయిపోయి, బిల్లులు వచ్చే సమయమది. ఒక నెల ఖర్చయినా పక్కన ఉంచుకోవడం అవిశ్వాసం కాదు. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని సామెతలు 6:6-8 మనకు బోధిస్తున్నది.

2. ఓడ కదలకముందు, టపా గడువుకు ముందు

డిప్లాయ్‌మెంట్‌కు ముందు భార్యాభర్తలు ఒక సాయంత్రం కూర్చోండి. ఏ బిల్లు ఏ తేదీన, ఏ ఖాతాలోంచి వెళ్తుందో ఒక కాగితం మీద రాయండి. జీతం వివరాలు చూపించే ఎల్ఈఎస్‌ను ఇంట్లో ఉండేవారు కూడా చదవడం నేర్చుకోవాలి. పవర్ ఆఫ్ అటార్నీ అవసరమైతే బేస్‌లోని లీగల్ ఆఫీసులో తీసుకోండి. మన తెలుగు ఇళ్లలో "డబ్బు విషయాలన్నీ ఆయనే చూసుకుంటారు" అనడం అలవాటు. ఆయన సముద్రం మధ్యలో ఉన్నప్పుడు ఆ అలవాటు పనికిరాదు. ఓడలో ఉన్నది భార్య అయితే ఇదే మాట భర్తకు వర్తిస్తుంది.

ఊరికి పంపే డబ్బు కూడా ఆ కాగితం మీద ఉండాలి. అమ్మమ్మ మందులు, నానమ్మకు క్రిస్మస్ చీర, ఊరి చర్చికి కానుక, ఇవన్నీ చివరి నిమిషంలో గుర్తొస్తే కార్డు మీదికి పోతాయి. ముందే రాసుకుంటే సంతోషంగా ఇవ్వగలం. 2 కొరింథీయులకు 9:7లో పౌలు అడిగేది అలాంటి ఇవ్వడమే.

ఓడకు పంపే పార్సెళ్లకు పోస్టల్ శాఖ ప్రతి ఏడాది గడువు తేదీలు ప్రకటిస్తుంది. ఎఫ్‌పీఓ చిరునామాకు కస్టమ్స్ ఫారం కూడా కావాలి. నవంబరు మొదట్లోనే పంపితే తక్కువ ఖర్చులో వెళ్తుంది. ఆలస్యం చేసినకొద్దీ ఖర్చు ఎక్కువ, చేరుతుందన్న నమ్మకం తక్కువ. జంతికలు, కారప్పొడి లాంటివి ప్రయాణానికి తట్టుకుంటాయి. ఏవి పంపకూడదో పోస్టాఫీసులో ముందే అడగండి. ఈ పనిలో పిల్లలను కలుపుకోండి. డబ్బా తూకం, టపా ఖర్చు వాళ్లే రాయాలి.

3. వయసును బట్టి నేర్పడం

నాలుగు నుండి ఆరేళ్ల పిల్లలకు డబ్బు కంటికి కనపడాలి. కార్డు గీకితే వస్తువు వస్తుందని మాత్రమే వాళ్లకు తెలుసు. మూడు గాజు సీసాలు పెట్టండి: ఒకటి దేవునికి, ఒకటి దాచుకోవడానికి, ఒకటి ఖర్చుకు. వారానికి అయిదు డాలర్లిస్తే అయిదు ఒక డాలరు నోట్లుగా ఇవ్వండి. మొదటి నోటు దేవుని సీసాలో వెయ్యనివ్వండి. మిగిలిన దానిలోంచి ఇవ్వడం వేరు, ముందుగా ఇవ్వడం వేరు అని వాళ్ల చేతులకు తెలుస్తుంది.

ఏడు నుండి పదకొండేళ్ల పిల్లలను చీటీతో కమిసరీకి తీసుకెళ్లండి. అక్కడ బిల్లు మీద 5 శాతం సర్‌చార్జి పడుతుంది. నలభై డాలర్ల సరుకులకు అది ఎంతో లెక్కకట్టమనండి. రెండు డాలర్లు. రెండు రకాల బియ్యం సంచుల మీద పౌను ధర పోల్చమనండి. లెక్కల పుస్తకంలో రాని ఆసక్తి ఇక్కడ వస్తుంది.

పన్నెండేళ్లు దాటినవారికి అసలు అంకెలు చూపించండి. 1,200 డాలర్ల క్రిస్మస్ సామాను 24 శాతం వడ్డీ కార్డు మీద కొని, ఇంకేమీ కొనకుండా జనవరి నుండి నెలకు 100 డాలర్లు కడితే ఎప్పటికి తీరుతుంది? పద్నాలుగు నెలలు పడుతుంది. వడ్డీ దాదాపు 186 డాలర్లు. అంటే మళ్లీ క్రిస్మస్ వచ్చి వెళ్లిపోయినా పాత క్రిస్మస్ అప్పు ఇంకా ఉంటుంది. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాని చేతికింద ఉంటాడని సామెతలు 22:7 చెప్పే సత్యం ఈ లెక్కతో వాళ్లకు అర్థమవుతుంది.

పెద్ద పిల్లలకు పొదుపు గురించి కూడా చెప్పండి. 2018 జనవరి 1 నుండి అమలైన కొత్త పింఛను విధానంలో ఉన్నవారికి థ్రిఫ్ట్ సేవింగ్స్ ప్లాన్‌లో ప్రభుత్వం మొదట 1 శాతం వేస్తుంది. రెండేళ్ల సర్వీసు తరువాత, మనం 5 శాతం వేస్తే ప్రభుత్వం కలిపేది మొత్తం 5 శాతం అవుతుంది. పద్దెనిమిదేళ్లకు చేరబోయే పిల్లలు ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

4. లేమిని దాచనక్కరలేదు

లూకా 2:24 చూడండి. యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపులు అర్పించినది పక్షులను. లేవీయకాండము 12:8 ప్రకారం, గొర్రెపిల్లను తేలేని స్త్రీకి ఇచ్చిన వెసులుబాటు అది. అంటే దేవుని కుమారుడు పుట్టిన ఇల్లు డబ్బు లెక్కపెట్టుకుని నడిచిన ఇల్లు. ఆ ఇంట్లో లేనిది బంగారం, ప్రేమ కాదు. జ్ఞానుల కానుకలు తరువాత వచ్చాయి. వాటికి ముందు కూడా అది క్రిస్మసే.

కాబట్టి "ఈ ఏడాది మనకు ఇంతే ఉంది" అని పిల్లలతో చెప్పడానికి సిగ్గుపడకండి. పిల్లలకు భయం కలిగించేది తక్కువ డబ్బు కాదు, తలుపు వేసుకుని గుసగుసలాడే తల్లిదండ్రులు.

ఇప్పటికే అప్పులో ఉన్నవారితో ఒక మాట. 2 రాజులు 4లో ఒక ప్రవక్త భార్య, విధవరాలు, అప్పులవాడు తన ఇద్దరు పిల్లలను తీసుకుపోబోతుంటే ఎలీషా దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. పరువు పోతుందని ఊరుకోలేదు. ఆమె చెప్పింది గనుకనే సహాయం వచ్చింది. పైగా, వచ్చిన నూనెను అమ్మి మొదట అప్పు తీర్చమన్నాడు ప్రవక్త. ఖాళీ పాత్రలు తెచ్చిన పిల్లలు ఆ అప్పు తీరడాన్ని కళ్లారా చూశారు.

మనకూ అడగడానికి చోట్లు ఉన్నాయి. ఫ్లీట్ అండ్ ఫ్యామిలీ సపోర్ట్ సెంటర్‌లో డబ్బు విషయాల్లో సలహా ఉచితం. 1904లో మొదలైన నేవీ-మెరైన్ కోర్ రిలీఫ్ సొసైటీ అత్యవసరంలో వడ్డీ లేని రుణం ఇస్తుంది. ప్రతి కమాండ్‌కు కుటుంబాల తరఫున పనిచేసే ఆంబుడ్స్‌మన్ ఉంటారు. సర్వీసులో చేరకముందు చేసిన అప్పులపై వడ్డీని 6 శాతానికి తగ్గించమని అడిగే హక్కు చట్టం ఇచ్చింది. బేస్ గేటు బయట "ఈరోజే డబ్బు" అని పిలిచే బోర్డుల దగ్గరికి వెళ్లేముందు వీరి దగ్గరికి వెళ్లండి.

సంఘం కూడా చేయవలసినది ఉంది. "నేవీలో ఎంత ఇస్తారమ్మా?" అని అడగడం మానేసి, "శనివారం పిల్లలను మా ఇంట్లో దింపండి, మీరు పనులు చూసుకోండి" అందాం.

5. ఆ 23 డాలర్లు

తరువాత వీడియో కాల్ దొరికినప్పుడు మావారు బాబుతో అన్నారు: "నేను వెళ్లింది నీ బొమ్మల కోసం కాదు నాన్నా. ఇది నేను మాటిచ్చి చేస్తున్న పని. పని అయ్యాక వస్తాను. నువ్వు ఏమీ అడగకపోయినా వెళ్లేవాణ్ణే. నువ్వు ఎన్ని అడిగినా తిరిగి వచ్చేవాణ్ణే." ఆ మాట చెప్పవలసింది నేను, మొదటి రోజే.

ఆ కార్డు అప్పు తీరేసరికి జూన్ వచ్చింది. ప్రతి నెలా మిగిలిన మొత్తం ఫ్రిజ్ మీద రాశాను. మమ్మీ తప్పు చేసిందని, దిద్దుకుంటున్నదని బాబు చూశాడు. తరువాతి డిప్లాయ్‌మెంట్ క్రిస్మస్‌కు కవరులో పెట్టిన నగదుతోనే పండుగ చేశాం. వాడు తన ఖర్చు సీసాలోంచి డాడీకి నల్ల సాక్సులు కొని, నవంబరులోనే పంపాడు.

కుటుంబంగా చర్చించండి

1. నాన్న లేదా అమ్మ ఎందుకు దూరంగా ఉన్నారని మన పిల్లలు అనుకుంటున్నారు? ఈ వారం అడిగి, వాళ్ల జవాబు పూర్తిగా వినండి.
2. ఈ క్రిస్మస్‌కు మనం నగదుగా ఖర్చు చేయగలిగినది ఎంత? అందులో మొదటి భాగం ఎవరికి?
3. ఎవరికీ చెప్పని అప్పు ఉందా? ఎవరితో చెప్పాలి?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, సముద్రం మీద ఉన్న మావారిని కాపాడుము. మా చేతికి ఇచ్చిన దానిని నమ్మకంగా వాడే బుద్ధి దయచేయుము. మా పిల్లలు మా కానుకలను బట్టి కాక, మా మాటల్లోని సత్యాన్ని బట్టి నీ ప్రేమను తెలుసుకొనునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.