పద్యంలో డబ్బాలు కనిపిస్తే అక్షరం చెరపకండి

జనగామ జిల్లా బమ్మెర, మహబూబాబాద్ జిల్లా కురవి, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం వీడియోలకి స్క్రిప్టు రాసేటప్పుడు మేం ఒక పొరపాటు చేశాం. మీరు చేయకూడదనే ఈ పాఠం.

పోతనగారి పద్యాలు టెక్స్ట్ ఎడిటర్‌లో పెడితే, పాదాల చివరి నిలువు గీతలు, పైన ఓం గుర్తు ఖాళీ డబ్బాల్లా కనిపించాయి. మాలో ఒకరు చెత్త అనుకుని తీసేశారు. ఇంకో ఫైల్లో అరసున్నలూ అలాగే పోయాయి. చివరికి పుస్తకం ముందేసుకుని పద్యం పద్యం సరిచూసుకున్నాం.

అసలు జరిగేది ఏంటంటే, ఫైల్లో ఉండేది అక్షరం నంబరు మాత్రమే. దాని బొమ్మ ఫాంట్‌లో ఉంటుంది. మొదటి ఫాంట్‌లో బొమ్మ లేకపోతే ఎడిటర్ రెండోదాన్ని అడుగుతుంది, తర్వాత మూడోదాన్ని. దీన్నే ఫాల్‌బ్యాక్ అంటారు. ఎక్కడా దొరక్కపోతేనే డబ్బా వస్తుంది. అంటే అక్షరం పోలేదు, బొమ్మే దొరకలేదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. యూనికోడ్‌లో ఓం గుర్తు (0950), ఒంటి గీత (0964), జంట గీత (0965) దేవనాగరి విభాగంలో ఉన్నాయి. తెలుగు రాసేవాళ్లూ ఆ గీతలే వాడాలి. మీ తెలుగు ఫాంట్‌లో అవి లేకపోతే ఇంకో ఫాంట్ తోడు కావాల్సిందే. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి కదా, అలాగే ఒకే లైన్లో రెండు ఫాంట్లు ఉండొచ్చు.

ఇలా చేయండి:

1. ముందు ఫాంట్లు కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయండి. తెలుగుకి నోటో సాన్స్ తెలుగు గానీ, తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసిన పోతన 2000 గానీ చాలు. గుర్తులకి నోటో సాన్స్ దేవనాగరి.

2. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో "ఫాంట్ ఫ్యామిలీ" వెతకండి. ముందు మీ కోడ్ ఫాంట్, తర్వాత తెలుగు, తర్వాత దేవనాగరి, చివర ఐకాన్ ఫాంట్ పేరు ఇంగ్లీషు స్పెల్లింగుతో కామాలు పెట్టి రాయండి. పేరులో ఖాళీ ఉంటే సింగిల్ కోట్స్‌లో పెట్టండి.

3. వరస మార్చకండి. చాలా తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలూ ఉంటాయి. దాన్ని ముందు పెడితే కోడ్ కూడా ఆ అక్షరాల్లోకి మారి, నిలువు వరసలు చెదిరిపోతాయి.

4. ఎడిటర్ మూసి మళ్లీ తెరవండి.

ఐకాన్ ఫాంట్లతో ఒక జాగ్రత్త. వాటిలో చాలా బొమ్మలు యూనికోడ్ సొంత వాడకానికి వదిలేసిన నంబర్లలో ఉంటాయి. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో మళ్లీ డబ్బానే. కాబట్టి అవి మీ ఎడిటర్ మెనూలకే ఉంచండి. పదిమందికీ పంపే పాఠంలో దీపం కావాలంటే 2019లో వచ్చిన ప్రమిద ఎమోజీ వాడండి. ఓం కావాలంటే తెలుగులోనే ‘ఓం’ అని టైప్ చేయండి, తెలుగు ఫాంట్ ఉన్న చోటల్లా కనిపిస్తుంది.

ఈసారి డబ్బా కనిపిస్తే చెయ్యి డిలీట్ మీదికి పోనివ్వకండి. ముందు ఫాంట్ చూడండి. ఒక్క అరసున్న పోయినా అది పోతనగారు రాసిన పాదం కాదు కదా!

శుభం.