చిన్న అక్కరలు – పసిబిడ్డ విశ్వాసము

దేవుని సన్నిధిలో చేతులు చాచి నిలిచినప్పుడు మానవుడు ఏమి అడుగవలెను? ఈ ప్రశ్నకు పెద్దలు పెద్ద సమాధానములే చెప్పుదురు. పాపక్షమ, జ్ఞానము, సన్మార్గము, లోకశాంతి అడుగదగినవని అందరును అంగీకరింతురు. కాని తెగిన చెప్పు వారు, రేపటి బస్సు కిరాయి, వాడిపోవుచున్న సోయా చేను, తల్లికి తగ్గని దగ్గు – వీటిని కూడ దేవునితో చెప్పుకొనవచ్చునా? సకల లోకములను ఏలు ప్రభువునకు ఇంత అల్పమైన విన్నపము చేయుట మర్యాదయేనా? ఈ వ్యాసములో మనము ఈ సంగతినే విచారింతము.

కామారెడ్డి జిల్లా పడమటి సరిహద్దున, మంజీర పరీవాహకములో ఉన్న డోంగ్లి ప్రాంతమును తలచుకొందము. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు తెలుగు రాష్ట్రమున చేరినవి. అందుచేత ఈ సీమ సంతలలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము కలసి వినబడును. ఒకే వీధిలో ఒకరు ‘దుఆ’ అందురు, ఒకరు ‘ప్రార్థన’ అందురు, మరియొకరు విఠలునికి మొర పెట్టుకొందురు. మాటలు వేరైనను ఆ ఇండ్లలోని అక్కరలు మాత్రము ఒక్కటే. విత్తనము నాటిన పిదప వాన రావలెను. పత్తికి ధర పలుకవలెను. బడికి పోయిన బిడ్డ క్షేమముగా ఇల్లు చేరవలెను. వీటికి మించిన తత్త్వవిచారమునకు ఆ ఇండ్లలో తీరిక తక్కువ. అట్టివారి ప్రార్థన తక్కువ తరగతి ప్రార్థన అని మనము అనవచ్చునా?

అనరాదని ధర్మగ్రంథములే బోధించుచున్నవి. తిర్మిజీ హదీసు సంకలనములో హజ్రత్ అనస్ ద్వారా వచ్చిన ఒక బోధ కలదు. ప్రతివాడును తన అక్కరలన్నియు తన ప్రభువునే అడుగవలెననియు, చెప్పు వారు తెగినను దానిని సయితము అడుగవలెననియు దాని భావము. అదే బోధకు సంబంధించిన మరియొక కథనములో ఉప్పు ప్రస్తావన కూడ వచ్చును. ఉప్పు, చెప్పు వారు – ఈ రెంటి ఎంపికను గమనింపుడు. ఇంటిలో ఇంతకంటె అల్పమైనవి వెదకినను దొరకవు. చిన్నదానికి మన శక్తి చాలును, పెద్దదానికే దేవుడు కావలెను అనుకొనుటలో ఒక దాచిన గర్వము కలదు. ఉప్పు సయితము ఆయన దయయే అని ఒప్పుకొనువాడు ఆ గర్వమును విడిచినవాడు. కావున చిన్నది అడుగుట దేవుని చిన్నబుచ్చుట కాదు; మన స్థానమును మనము సరిగా ఎరుగుట.

ఖుర్ఆన్ 28వ సూరా అయిన అల్ ఖసస్‌లో ప్రవక్త మూసా వృత్తాంతము వచ్చును. ఆయన ఈజిప్టు నుండి ప్రాణభయముతో పారిపోయి మద్యను చేరెను. అక్కడ నీటి రేవు దగ్గర పశువుల కాపరులు గుమిగూడి ఉండగా, ఇద్దరు స్త్రీలు తమ మందను వెనుకకు పట్టుకొని నిలిచియుండిరి. మూసా వారి మందకు నీరు పెట్టి, నీడకు పోయి కూర్చుండి, తన ప్రభువు ఏ మేలు పంపినను దానికి తాను అక్కర గలవాడనని మొర పెట్టుకొనెను. తరువాత జరిగినది ఏమి? ఆకాశము నుండి పళ్ళెము దిగలేదు. ఆ స్త్రీలలో ఒకతె సిగ్గుతో నడచివచ్చి, తన తండ్రి పిలుచుచున్నాడని చెప్పెను. ఆ పిలుపుతో మూసాకు ఆశ్రయము, పని, కుటుంబము లభించినవి. ఇందులో మనకు రెండు పాఠములు గలవు. తనకే దిక్కు లేని స్థితిలో ఆయన ముందుగా పరుల అక్కర తీర్చెను. ఆయన మొరకు వచ్చిన జవాబు ఒక మనిషి కాళ్ళతో నడచివచ్చెను.

క్రైస్తవ సోదరుల ప్రార్థనలోను ఇదే దారి కనబడును. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో దేవుని రాజ్యమును గూర్చిన విన్నపము ఉన్నది. దాని వెంటనే ఆనాటి ఆహారమును గూర్చిన విన్నపము కూడ ఉన్నది. సంవత్సరమునకు సరిపడు ధాన్యము కాదు, ఆ దినమునకు కావలసినదే. కుమారుడు రొట్టె అడిగినచో ఏ తండ్రియు రాయి చేతిలో పెట్టడని ఆయన బోధించెను.

డోంగ్లి సీమకు దగ్గరి మరాఠీ భక్తి సంప్రదాయములో జనాబాయి కథ ప్రసిద్ధము. ఆమె గోదావరి తీరమందలి గంగాఖేడ్‌లో పుట్టినదని చెప్పుదురు. ఆ గోదావరియే దిగువకు వచ్చి కందకుర్తి వద్ద మన మంజీరను కలుపుకొనుచున్నది. జనాబాయి చిన్ననాడే పండరిపురములో నామదేవుని ఇంట దాసిగా చేరెను. తెల్లవారక ముందే తిరుగలి ముందు కూర్చుండి పిండి విసరుట ఆమె పని. ఆ తిరుగలి పిడిని విఠలుడు తనతో కూడ పట్టుకొని త్రిప్పెనని ఆమె అభంగములు చెప్పును. ఇది జరిగెనా లేదా అని వాదించుట ఇక్కడ మన పని కాదు. ఒక పనిమనిషి తన చేతి నొప్పిని దేవునితో చెప్పుకొనదగిన సంగతిగా తలచినది. గుడిలో మాత్రమే కాక తిరుగలి దగ్గర కూడ దేవునికి చోటున్నదని నమ్మినది. ఏడు వందల ఏండ్లు దాటినను ఆ నమ్మకమును పల్లె స్త్రీలు మరువలేదు.

ఇక పసిబిడ్డ విశ్వాసము అనగా ఏమి? అది తెలివి లేని విశ్వాసము కాదు. దానికి మూడు లక్షణములు గలవని మేము తలచుచున్నాము.

మొదటిది, బిడ్డ సిగ్గుపడక అడుగును. తాను అర్హుడనా అని లెక్క వేయడు. ఆకలియే అతని అర్హత.

రెండవది, బిడ్డ బేరమాడడు. ‘నీవు ఇది ఇచ్చినచో నేను అది ఇచ్చెదను’ అని తల్లితో ఒప్పందము వ్రాసికొనడు. పరీక్షలో నెగ్గినచో ఇంత సమర్పింతునని దేవునికి వెల కట్టునది వ్యాపారబుద్ధి. కృతజ్ఞతతో ఇచ్చుట వేరు, ముందుగా ధర నిర్ణయించుట వేరు.

మూడవది, కాదన్నను బిడ్డ విడిచిపోడు. జ్వరముతో ఉన్న బిడ్డ ఐసు అడిగినచో తల్లి ఇయ్యదు. బిడ్డ ఏడ్చును, అలుగును. ఐనను కాదన్న తల్లి కొంగునే పట్టుకొని ఏడ్చును. విశ్వాసమునకు అసలైన పరీక్ష ఇక్కడనే ఉన్నది.

ఈ మూడవ లక్షణమునకు తెలుగువారిలో కంచెర్ల గోపన్నను మించిన నిదర్శనము లేదు. 17వ శతాబ్దమున గోల్కొండ ప్రభుత్వమునకు చెందిన పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలమున రాముని ఆలయము కట్టించి, అబుల్ హసన్ తానీషా కాలమున గోల్కొండ కోటలో చెరసాల పాలయ్యెను. పన్నెండేండ్లు అక్కడ ఉండెనని సంప్రదాయము చెప్పును. ఆయన కీర్తనలలో ఒక దాని యందు సీతకు చేయించిన నగ, లక్ష్మణునకు చేయించిన నగ, వాటికి పట్టిన మొహరీలు వరుసగా పద్దు చదివినట్లు వినిపించెను. దేవుని నిలదీసెను, దూషించెను, మరల అదే కీర్తనలో దెబ్బల బాధకు ఓర్వలేక తిట్టితినని క్షమాపణ వేడెను. ఇల్లు విడువని బిడ్డ మాత్రమే ఆ విధముగా మాటలాడగలడు. జవాబు రాని ఏండ్లలో ఆయన ప్రార్థన ఆగలేదు. మౌనము వహించినను వినుచున్నాడనుటయే ఆయన నమ్మకము.

జవాబు వచ్చినప్పుడును మరల అడుగవలసి వచ్చును. బుఖారీ సంకలనములోని ఒక హదీసు ఇందుకు ఉదాహరణము. శుక్రవారపు ప్రసంగ సమయమున ఒక గ్రామవాసి వచ్చి, పశువులు నశించుచున్నవి, వానకై ప్రార్థింపుడని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని కోరెను. ఆయన చేతులెత్తెను. వారము దినములు వాన కురిసెను. మరుసటి శుక్రవారము, వాన ఎక్కువై నష్టము కలుగుచున్నది, ఆగుటకు ప్రార్థింపుడని మొర వచ్చెను. ఆయన కోపింపలేదు. వాన తమ మీద గాక చుట్టుప్రక్కల కురియునట్లు ప్రార్థించెను. వాన కావలెనని ఒక వారము, వద్దని మరియొక వారము అడిగిన మనుష్యుని కసరలేదు. మన దినదిన జీవితము కూడ ఇట్టిదే కదా!

ఐతే ప్రార్థన సోమరితనమునకు ముసుగు కారాదు. ఒంటెను విడిచిపెట్టి దేవుని నమ్ముకొందునా, కట్టివేసి నమ్ముకొందునా అని ఒకరు అడుగగా, ముందు కట్టి పిదప నమ్ముకొనుమని ప్రవక్త (స) చెప్పినట్లు తిర్మిజీలోనే కలదు. పుస్తకము తెరువక పరీక్షకు పోయి దుఆ చేయువాడు ఒంటెను కట్టనివాడు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరును చూడుడు. మంజీర ఒడ్డున నీటి కొరకు ఎత్తిన చేతులు ఎన్నియో ఉండవచ్చును. కాని నవాబు అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజనీర్ల లెక్కలు, వేల కూలీల చెమట లేనిదే ఆ నీరు కాలువలలోనికి రాలేదు.

ఎల్లారెడ్డి మీదుగా ఆగ్నేయముగా పోయినచో మెదక్ వచ్చును. అక్కడి పెద్ద చర్చి చరిత్ర ఈ విషయమునే మరింత స్పష్టముగా చెప్పుచున్నది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మెథడిస్టు మిషనరీ కరవు కాలమున ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి, ఆ పనికి అన్నము పెట్టి ఆ ఆలయమును కట్టించెను. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. ఆనాడు ఆ పల్లెలలోని తల్లులు అడిగినది గోపురము కాదు, పిల్లలకు పిడికెడు అన్నము. గోపురము తరువాత నిలిచెను. మొదట వచ్చినది అన్నము. అది కూడ ఒక మనిషి చేతుల మీదుగానే వచ్చెను.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇంతదాక చెప్పినది మన కళాశాలకు ఎట్లు వర్తించునో ఇప్పుడు చూతము. మనలో అనేకులు తమ ఇంట మొదటిసారి కళాశాల మెట్లు ఎక్కినవారు. బస్సు పాసు, పరీక్ష రుసుము, ఒక జత బట్టలు, కండ్లద్దాలు – ఇవి పెద్ద సంగతులు కావు. కాని ఇట్టి చిన్న సంగతుల దగ్గరనే చదువులు ఆగిపోవుచున్నవి. రుసుము కట్టవలసిన చివరి దినము తెలిసియు, నోరు విప్పలేక, మరునాటి నుండి తరగతికి రాని పిల్లలు ఉన్నారు. వారు బహుశః రాత్రి దుప్పటి ముసుగులో దేవునితో చెప్పుకొనియే ఉందురు. మనుష్యులతో మాత్రము చెప్పలేదు. వారికి మేము చెప్పునది ఇది: చెప్పు వారు అడుగుటకు దేవుని ముందు సిగ్గుపడనక్కర లేనప్పుడు, న్యాయమైన అక్కరను అధ్యాపకునితో, స్నేహితునితో చెప్పుటకు ఏల సిగ్గుపడవలెను? అడుగుట నేరము కాదు. మూసా అంతటివాడే తనకు అక్కర ఉన్నదని ఒప్పుకొనెను.

కళాశాల కమిటీ పెద్దలకును మా సవినయ మనవి ఒకటి కలదు. మీరు నిర్వహించు కార్యములు పెద్దవి. భవనములు, అనుమతులు, నిధులు. వాటి నడుమ ఒక బాలిక బస్సు కిరాయి కంటికి ఆనకపోవచ్చును. కాని ఆ బాలిక దాని కొరకే దేవుని వేడుకొని ఉండవచ్చును. మద్యనులో ఆ వృద్ధుడు తన కుమార్తెను పంపి మూసాను పిలిపించెను. ఆయన పిలువవలెనని మూసా అడిగి ఉండలేదు. అడుగక ముందే పిలుచు గుణము పెద్దరికమునకు అలంకారము. ఎవని రుసుము ఎందుకు ఆలస్యమైనదో దండన వేయుటకు ముందే విచారించు అలవాటు ఒక్కటి మన కళాశాలలో స్థిరపడినచో, ఎన్నో మొరలకు జవాబు మన వరండాలోనే దొరకును.

చిన్న అక్కరలకై ప్రార్థించు హృదయము క్రమముగా ఇతరుల చిన్న అక్కరలను కూడ గమనింప నేర్చుకొనును. తన ఉప్పు కొరకు దేవుని అడిగినవాడు పొరుగింటి ఉప్పు డబ్బా ఖాళీ అయినప్పుడు నవ్వడు. ఇదియే పసిబిడ్డ విశ్వాసము మనకు ఇచ్చు పెద్ద ఫలము. కావున మనము పెద్ద ప్రార్థనలు మానక, చిన్న ప్రార్థనలకు సిగ్గుపడక, అడిగినదాని కొరకు చేతనైన పని చేయుచు, ఎవరో అడిగినదానికి జవాబుగా పోవుటకు సిద్ధముగా ఉందము. సర్వదయామయుడు మన కళాశాలలోని ప్రతి విద్యార్థి అక్కరను తీర్చుగాక!