గొర్రెలు ఇంటికొచ్చాయి: మొదటి నెల రోజులు ఇలా కాపాడుకోండి



గొర్రెల పంపిణీ పథకం రెండో విడతలో యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు అని మీకు తెలిసిందే. అప్పుడు యూనిట్ ధర 1,75,000 రూపాయలుగా ఉండేది. ఇందులో ప్రభుత్వం 75 శాతం భరించింది, మీరు కట్టిన వాటా 43,750. కొందరు దాచుకున్న డబ్బు కట్టారు, కొందరు అప్పు తెచ్చి కట్టారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. మొత్తం ధరను 21తో భాగిస్తే ఒక్కో జీవానికి సుమారు 8,300 రూపాయలు పడుతుంది. అయిదు జీవాలు చనిపోతే 41,500 పోయినట్టే. అంటే మీ వాటా దాదాపు మొత్తం పోయినట్టు. పోయేది ఎక్కువగా మొదటి నెలలోనే. లారీ ప్రయాణం, కొత్త నీళ్లు, కొత్త మేత, కొత్త మంద అన్నీ ఒకేసారి మీద పడితే జీవం తట్టుకోలేదు. అందుకే ఈ నెల గురించే చెబుతున్నాం.

1. లారీ దిగిన రోజు

దిగగానే నీళ్ల తొట్టి దగ్గరికి తోలకండి. ముందు నీడలో కాసేపు పడుకోనివ్వండి. తర్వాత కొంచెం బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పెట్టండి. ఆ రోజు ఎండు మేత చాలు. పల్లి కట్టె, కంది పొట్టు, ఎండు గడ్డి ఏది ఉంటే అది వేయండి. అలసిపోయి వచ్చాయి కదా అని మక్కలు, బియ్యం, అన్నం పెట్టకండి. ఆకలి మీద గింజలు ఎక్కువ తింటే కడుపులో పులిసి ప్రాణం మీదికొస్తుంది. పచ్చి మేత రెండో రోజు నుంచి కొంచెం కొంచెం పెంచండి.

2. పాత మందలో కలపొద్దు

పంపిణీ రోజు ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "మాకు ముందే పది గొర్లున్నయి సార్, ఇవి అండ్ల కలుపొచ్చా?" వెంటనే వద్దు. మూడు వారాలు వేరే దొడ్డిలో ఉంచండి, వేరే తొట్టిలో నీళ్లు పెట్టండి. కొత్తవాటిలో ఏదైనా రోగం ఉంటే ఈలోపు బయటపడుతుంది. కలిపేస్తే కొత్తవీ పోతాయి, పాతవీ పోతాయి. రెండు మందలనూ ఒక్కరే చూసుకుంటుంటే ముందు పాతవాటి పని చేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి.

3. దొడ్డి

ఒక్కో గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగుల జాగా కావాలి. 21 జీవాలకు 250 చదరపు అడుగులు ఉంటే సరిపోతుంది. సిమెంటు అవసరం లేదు. నేల చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉండి, వాన నీళ్లు నిలవకుండా ఉంటే చాలు. తడి నేల మీద ఉంటే గిట్టల మధ్య పుండ్లు పడతాయి, కుంటుతాయి. రాత్రి కుక్కలు దూరకుండా ముళ్ల కంచె గానీ జాలి గానీ కట్టండి.

4. మేపేటప్పుడు

తొలకరికి మొలిచిన లేత గడ్డి చూసి మురిసిపోయి వదలకండి. చిటుక రోగం వచ్చేది అప్పుడే. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, మందు పోసే టైం కూడా ఉండదు. ముందే టీకా వేయించడం ఒక్కటే దారి. పొద్దున ఇంటి దగ్గర కొంచెం ఎండు మేత వేసి, ఆ తర్వాత బయటికి తోలండి. లేత జొన్న చేలల్లోకి, కోసిన జొన్న మోళ్ల మీద వచ్చిన పిలకల్లోకి పోనివ్వకండి. నాము తగులుతుంది.

5. టీకాలు, నట్టల మందు

వచ్చిన వారంలోపు పశువైద్యశాలకు వెళ్లి అడగండి: "ఇవి వచ్చేముందు ఏ టీకాలు పడ్డాయి? ఇంకా ఏవి వేయాలి?" చిటుక టీకా వానలకు ముందే పడాలి. పీపీఆర్, బొబ్బరోగం, నీలి నాలుక టీకాల గురించి కూడా అడగండి. నట్టల మందు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తప్పకుండా తాగించాలి. మందు తాగించేటప్పుడు తల మరీ పైకి ఎత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముక్కు, కళ్ల నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, పారుడు కనిపిస్తే పీపీఆర్ అని అనుమానించండి. ఆ జీవాన్ని వేరు చేసి 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వస్తుంది.

6. చెవి పోగు ఊడితే

మీ జీవాలకు బీమా ఉందో లేదో పశువైద్యశాలలో అడిగి తెలుసుకోండి. బీమాకు గుర్తు చెవి పోగే. రోజూ సాయంత్రం లెక్కపెట్టేటప్పుడు చెవులు కూడా చూడండి. పోగు ఊడితే అదే రోజు పశువైద్యశాలలో చెప్పి రాయించుకోండి. గొర్రె చనిపోతే బాధలో వెంటనే పూడ్చేయకండి, చెవి కోయకండి. ముందు పశువైద్యాధికారికి చెప్పండి, పోగుతో సహా ఫొటో తీయండి, పోస్టుమార్టం అయ్యాకే పూడ్చండి.

7. చూడి గొర్రెలు

వచ్చినవాటిలో కొన్ని చూడివి ఉండొచ్చు. గొర్రె చూడి కాలం అయిదు నెలలు. చివరి నెలలో రోజుకు పావు కిలో దాణా పెట్టండి. పిల్ల పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగాలి, బొడ్డుకు టించర్ అయోడిన్ రాయాలి. మొదటి ఆడపిల్లలను అమ్మకండి. మీ మంద పెరిగేది వాటితోనే.

చివరిగా ఒక మాట. "ఇంట్లో అందరం పనికి పోతాం, ఎవరు చూస్తరు?" అని చాలామంది అంటారు. నిజమే. కానీ ఈ ఒక్క నెల ఎవరో ఒకరు దగ్గరుండండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లెక్కపెట్టండి. మేత మేయనిది, మందకు దూరంగా నిలబడ్డది, చెవులు వాలేసింది ఏదో చూడండి. రోగం ముదరకముందే పట్టుకుంటే జీవం దక్కుతుంది, మీరు కట్టిన డబ్బూ దక్కుతుంది.

ఈ కాగితం మీ సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ చదవరాని పెద్దలకు చదివి వినిపించండి.