రక్షక కణములు - రక్తపు కాన్సరు

జ్వరము తగిలినప్పుడు మనలను కాపాడునవి తెల్ల రక్తకణములని ప్రకృతిశాస్త్ర పాఠమున మీరు చదివియే యున్నారు. వీనిలో బి-లింఫోసైటులనునవి ప్రతిరక్షకములను తయారుచేసి రోగక్రిములపైకి పంపును. విచిత్రమేమనగా, లింఫోమాలని పిలువబడు రక్తపు కాన్సరులలో అధికభాగము ఈ కణములనుండియే పుట్టుచున్నవి. కాపలాదారు ఇట్లేల మారును? సమాధానము చాలవరకు ఆ కణమందలి ఎంజైముల పనిలో నున్నది.

మన జన్యువులు సుమారు 20,000. శరీరము చేయగల ప్రతిరక్షకములో కోట్లకొలది రకములు. ఇంత స్వల్పమైన పెట్టుబడితో అంత వైవిధ్యమెట్లు సాధ్యము? బాసెలు నగరమున పనిచేయుచుండిన జపాను శాస్త్రజ్ఞుడు సుసుము తొనెగావా 1976లో ఈ చిక్కు విప్పెను. ప్రతిరక్షకపు జన్యువు మొదట ముక్కలుగా నుండును. కణము ఎదుగునప్పుడు ఆ ముక్కలు కత్తిరింపబడి కొత్తవరుసలో అతుకబడును. దర్జీ కొద్దిరంగుల గుడ్డపేలికలతో ఎన్నో బొంతలు కుట్టినట్లు! ఎముక మూలుగలో ఈ కత్తెరపని చేయు ఎంజైమునకు ర్యాగ్ అని పేరు.

అంతటితో పని ముగియదు. కణము లింఫు గ్రంథులకు చేరి క్రిమిని ఎదుర్కొనినప్పుడు మరియొక ఎంజైము మేల్కొనును. దీనిని ఏ.ఐ.డి. అందురు. క్యోటోలో తసుకు హోంజో బృందము 1999లో దీనిని కనుగొనినది. ఇది డి.ఎన్.ఏ.లోని 'సి' అను అక్షరమును 'యు'గా మార్చును. 'వల' యను మాటలో ఒక్క యక్షరము మార్చిన 'కల' యగునట్లు, ప్రతిరక్షకపు ఆకృతియు కొంచెము మారును. మారినవానిలో క్రిమిని గట్టిగా పట్టుకొనగలవి నిలుచును, తక్కినవి నశించును. టీకా రెండవమారు వేయుటలోని గుట్టు కొంత యిదియే. పుట్టుకతో ఈ ఎంజైము లోపించిన పిల్లలు పదేపదే సూక్ష్మజీవుల వ్యాధులకు గురియగుదురని 2000లో వెల్లడియైనది. కావున దీనిని శత్రువని తలపరాదు.

అయితే 'యు' డి.ఎన్.ఏ.లో ఉండదగిన అక్షరము కాదు. మరమ్మతు ఎంజైములు దానిని తొలగింపబోవునప్పుడు డి.ఎన్.ఏ. దారము కొన్నిచోట్ల రెండు పోగులును తెగును. సాధారణముగ ఆ తెగిన కొనలు సరిగా అతుకుకొనును. ఎప్పుడో ఒకమారు ఏ.ఐ.డి. తనకు సంబంధింపని జన్యువును కూడ తాకును. అపాయమంతయు అక్కడనే యున్నది.

ఉగాండా దేశపు కంపాలా నగరమున శస్త్రవైద్యుడైన డెనిస్ బర్కిట్, చిన్నపిల్లల దవడలలో అతివేగముగ పెరుగు గడ్డలను గూర్చి 1958లో ప్రకటించెను. ఆ గడ్డల కణములను తరువాత పరీక్షింపగా, 8వ క్రోమోజోము ముక్క 14వ దానికి అతికియుండుట కనబడెను. 8వ దానిలో, కణమును విభజింపుమని ఆజ్ఞాపించు మిక్ అను జన్యువు కలదు. 14వ దానిలో, బి-కణమున ఎడతెగక పనిచేయు ప్రతిరక్షకపు జన్యువు కలదు. రెండును ఒకచోట చేరుటచే మిక్ ఆజ్ఞకు అడ్డులేకపోయెను. ఏ.ఐ.డి. లేని ఎలుకలలో ఈ అతుకు ఏర్పడదని 2004లో తేలినది. మలేరియావంటి జ్వరము దీర్ఘకాలము పీడించినచో, ఏ.ఐ.డి. పనియు దీర్ఘకాలము సాగి, ఇట్టి పొరపాట్లకు తావిచ్చునని 2015లో ఎలుకలపై జరిపిన ప్రయోగములు తెలిపినవి. ఆఫ్రికాలో ఈ వ్యాధి మలేరియా ప్రాంతములందే మెండుగా నుండుటకు ఇది యొక కారణము.

తల్లిదండ్రులకు ఇచ్చట ఒకమాట. ఈ క్రోమోజోముల మార్పు రోగి శరీరమున ఏదో యొక కణమున జరుగునదే కాని, తల్లిదండ్రులనుండి సంక్రమించునది కాదు. ఈ కాన్సరు ఒకే బల్లపై కూర్చుండుటచేతను, ఒకే గ్లాసు నీరు త్రాగుటచేతను అంటదు. రోగియైన పిల్లవానిని దూరముగ నుంచుట అన్యాయము.

చికిత్స కలదు. భీమవరమున 1895లో జన్మించి మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనలనుండి మెథోట్రెక్సేటు అను ఔషధము వెలువడెను. బర్కిట్ తన రోగులకు వాడిన తొలిమందులలో ఇది యొకటి. ఇదియు ఒక ఎంజైమునే అడ్డగించును. ఫోలిక్ ఆమ్లమును కణవిభజనకు పనికివచ్చునట్లు మార్చు ఎంజైము అది. దానిని ఆపగా కొత్త డి.ఎన్.ఏ. తయారుకాక కాన్సరుకణము విభజింపజాలదు. నేటికిని వైద్యులు తక్కిన మందులతో కలిపి దీనిని వాడుచున్నారు.