ద్వేష నేరాల చట్టం: అమెరికా రాజ్యాంగంలో దాని పునాది

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలున్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత్‌లో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరును ఒక దుండగుడు కాల్చి చంపిన వార్తను ఆ కుటుంబాలు మరిచిపోలేవు. ఇరానీయులను కాల్చానని ఆ హంతకుడు అనుకున్నాడు. 2018లో హత్యానేరానికి రాష్ట్ర కోర్టు, ద్వేష నేరానికి ఫెడరల్ కోర్టు విడివిడిగా యావజ్జీవ శిక్షలు విధించాయి. ఒకే ఘటనకు రెండు కోర్టులు ఎందుకు?

అక్కడ హత్య, దాడి వంటి నేరాలు ప్రధానంగా రాష్ట్రాల పరిధిలోనివి. రాజ్యాంగం పేర్కొన్న అధికారాల మేరకే అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) చట్టం చేయగలదు. ద్వేష నేరాల చట్టాలకు అలాంటి ఆధారాలు ముఖ్యంగా రెండు.

మొదటిది, 1865 నాటి 13వ సవరణ. బానిసత్వాన్ని రద్దు చేయడమే కాదు, దాని ఆనవాళ్లను తుడిచివేసే అధికారం కూడా కాంగ్రెస్‌కు ఉందని సుప్రీంకోర్టు 1968లో తేల్చింది. ఈ సవరణ ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది. 14వ సవరణ మాత్రం ప్రభుత్వాల చర్యలకే పరిమితమని అదే కోర్టు 2000లో మరోసారి స్పష్టం చేసింది.

రెండవది, రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం. 2009 చట్టం ప్రకారం, లింగం, వైకల్యం కారణంగా జరిగిన దాడుల్లో నేరానికి వాణిజ్యంతో ఏదో ఒక సంబంధం చూపాలి. జాతి కారణమైతే అది అక్కర్లేదు. మతం ఈ రెండు భాగాల్లోనూ ఉంది. బాధితుడి మతాన్ని నిందితుడు పొరబడినా నేరం నేరమే.

ప్రార్థనాలయాలకు వేరే చట్టం ఉంది. 2017 జనవరిలో టెక్సాస్‌లోని విక్టోరియాలో మస్జిదును తగలబెట్టిన వ్యక్తికి 24 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

మరి ఇది భావస్వేచ్ఛకు భంగం కాదా? కాదని సుప్రీంకోర్టు 1993లో ఏకగ్రీవంగా చెప్పింది. మనసులోని ద్వేషానికి శిక్ష లేదు. ఆ ద్వేషంతో చేసిన దాడికే శిక్ష. అయితే శిక్షను గరిష్ఠ పరిమితికి మించి పెంచాలంటే, ఆ ద్వేష ఉద్దేశాన్ని జ్యూరీ ముందు సందేహానికి తావులేకుండా రుజువు చేయాలని 2000లో తీర్పు వచ్చింది.

ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. దాడి సమయంలో దుండగుడు అన్న మాటలు, రాసిన రాతలు, చూసినవారి వాంగ్మూలాలు వెంటనే భద్రపరచకపోతే ద్వేష నేరం మామూలు కొట్లాటగా మిగిలిపోవచ్చు. బాధితుడికి ఆసుపత్రి ఖర్చులతో పాటు మంచి వకీలును కూడా సమకూర్చే చేయూత ఇన్సాఫ్‌కు తొలి మెట్టు.